ఏ ప్రతిధ్వని ఏ లక్ష్యానిది?

ఒకే చోట కాకుండా కిలోమీటర్ల ఎడంతో అమర్చిన అనేక యాంటెన్నాల సాయంతో, ఒకే సమయంలో అనేక లక్ష్యాల స్థానాలను కనుక్కునే రాడార్ వ్యవస్థల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. పొడవైన ఉత్తరాల నుంచి ప్రశ్న వరకు మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: ఒక పెద్ద యాంటెన్నా గుండ్రంగా తిరుగుతూ ఆకాశమంతా చూడగలుగుతున్నప్పుడు, చిన్న చిన్న యాంటెన్నాలను దూరదూరంగా పెట్టి వాటన్నింటినీ కలపడం దేనికి? ఖర్చూ శ్రమా పెరగడం తప్ప ఇందులో లాభం ఏమిటో వివరించగలరు.

జవాబు: లాభం ప్రధానంగా లక్ష్యం స్వభావంలోనే ఉంది. ఒక చదరపు మీటరు వైశాల్యం గల నలుచదరపు లోహపు పలకను 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే రాడార్‌కు సరిగ్గా ఎదురుగా నిలబెడితే, అది దాదాపు 14,000 చదరపు మీటర్ల వస్తువులా మెరుస్తుంది. అదే పలకను ఒక డిగ్రీ కూడా నిండకుండా, లెక్క ప్రకారం 0.86 డిగ్రీలు పక్కకు తిప్పితే, తిరిగివచ్చే ప్రతిధ్వని దాదాపు శూన్యమవుతుంది. పలక ఎక్కడికీ పోలేదు, దాని పరిమాణం తగ్గలేదు. అది వెనక్కి పంపిన శక్తి మాత్రం మరో దిక్కుకు మళ్లింది. విమానమంటే ఇలాంటి ఉపరితలాలు ఎన్నో కలిసిన వస్తువు కాబట్టి, అది కొద్దిగా ఒరిగినప్పుడల్లా దాని ప్రతిధ్వని ఒక క్షణం ఉధృతంగానూ మరుక్షణం నీరసంగానూ వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను గణితంలో ఎలా పట్టాలో 1954లోనే పీటర్ స్వెర్లింగ్ చూపించారు. ఆ నమూనాలను రాడార్ ఇంజనీర్లు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఒక్క రాడార్ మాత్రమే చూస్తున్నప్పుడు అలాంటి నీరస క్షణంలో లక్ష్యం కనబడకుండా పోతుంది. మూడు ట్రాన్స్‌మిటర్లు, నాలుగు రిసీవర్లు వేర్వేరు చోట్ల ఉంటే, ఏ రిసీవర్‌కు ఏ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ వచ్చిందో గుర్తుపట్టేలా తరంగరూపాలను వేరువేరుగా రూపొందించుకున్నంత కాలం, మనకు పన్నెండు దారులు (ఒక్కో ట్రాన్స్‌మిటర్, రిసీవర్ జత ఒక్కో దారి) దొరుకుతాయి. ఆ పన్నెండూ లక్ష్యాన్ని పన్నెండు కోణాల నుంచి చూస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి మసకబారే అవకాశం చాలా తక్కువ. ఈ ఆలోచనను 2004లో ఫిష్లర్, హైమోవిచ్, బ్లమ్ తదితరులు స్పష్టమైన గణిత రూపంలో ముందుకు తెచ్చారు. దూరంగా పరచిన యాంటెన్నాల మైమో (MIMO, అంటే అనేక ట్రాన్స్‌మిటర్లు, అనేక రిసీవర్లు కలిసి పనిచేసే) రాడార్ అన్న పేరు ఆ తరవాతి సంవత్సరాల్లో స్థిరపడింది.

మరో లాభం దిశకు సంబంధించినది. ఒక్క రాడార్ దూరాన్ని బాగా కొలుస్తుంది కానీ దిశను అంత బాగా కొలవలేదు. కిరణపుంజం వెడల్పు ఒక డిగ్రీ అయితే 100 కిలోమీటర్ల దూరంలో అది అడ్డంగా 1.7 కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. వేర్వేరు దిక్కుల నుంచి దూరాలను మాత్రమే కొలిచి వాటిని కలిపితే, ఒక కేంద్రానికి చేతకాని దిశలో మరో కేంద్రం కొలత పనికివస్తుంది.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కూడా కాదని చెప్పాలి. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర రాబర్ట్ వాట్సన్-వాట్, ఆర్నాల్డ్ విల్కిన్స్ చేసిన పరీక్షలో బీబీసీ రేడియో ట్రాన్స్‌మిటర్ ఒకచోట ఉంటే రిసీవర్ మరొకచోట ఉంది. మధ్యలో హేఫోర్డ్ విమానం ఎగిరింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు క్లైన్ హైడెల్‌బర్గ్ అనే వ్యవస్థతో, బ్రిటిష్ రాడార్ కేంద్రాలు పంపే పల్సులనే వాడుకుని, ఆవలి తీరాన రిసీవర్ మాత్రమే పెట్టి విమానాలను పసిగట్టారు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఒకే యాంటెన్నాను పంచుకోవడం తరవాత వచ్చిన సౌకర్యమే తప్ప రాడార్‌కు పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు.

ప్రశ్న: దిశ కొలవకుండా కాలాన్ని మాత్రమే కొలిచి స్థానం ఎలా చెప్పగలరు? లక్ష్యం ఒకటైతే అర్థమవుతోంది గానీ, రెండు ఉన్నప్పుడు ఏదో తిరకాసు ఉందని మా అధ్యాపకులు అన్నారు. ఆ తిరకాసును అంకెలతో చూపగలరా?

జవాబు: తప్పకుండా చూపుతాం, ఎందుకంటే ఈ శాస్త్రంలో కీలకమైన కష్టమంతా ఆ తిరకాసులోనే ఉంది.

సిగ్నల్ ట్రాన్స్‌మిటర్ దగ్గర బయలుదేరి, లక్ష్యాన్ని తాకి, రిసీవర్‌ను చేరడానికి పట్టిన కాలం మన చేతికి వస్తుంది. దాన్ని కాంతివేగంతో గుణిస్తే సిగ్నల్ నడిచిన మొత్తం దూరం తెలుస్తుంది. ఒక మైక్రోసెకనుకు సుమారు 300 మీటర్లు. ఆ మొత్తంలో ట్రాన్స్‌మిటర్ నుంచి లక్ష్యం దాకా ఎంత, లక్ష్యం నుంచి రిసీవర్ దాకా ఎంత అన్న పంపకం మాత్రం తెలియదు. రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి దారం రెండు కొసలూ కట్టి, పెన్సిల్‌తో దారాన్ని బిగలాగి గీస్తే వచ్చే దీర్ఘవృత్తాన్ని గుర్తుచేసుకోండి. గుండుసూదులు ట్రాన్స్‌మిటర్, రిసీవర్. దారం పొడవు మనం కొలిచిన మొత్తం దూరం. లక్ష్యం ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉంది. రెండో రిసీవర్ మరో దీర్ఘవృత్తాన్ని ఇస్తుంది. రెండూ ఖండించుకున్న చోట లక్ష్యం ఉంటుంది. ఎత్తు కూడా కావాలంటే ఇవి గీతలు కాక కోడిగుడ్డు ఆకారపు ఉపరితలాలవుతాయి, కనీసం మూడు కావాలి. ఇక్కడ ఎత్తును పక్కనబెట్టి కాగితం మీద గీయగలిగిన లెక్క చేద్దాం.

మొదటి కేంద్రాన్ని (0, 0) దగ్గర పెడదాం. అందులో ట్రాన్స్‌మిటరూ ఉంది, ఒక రిసీవరూ ఉంది. రెండో కేంద్రంలో రిసీవర్ మాత్రమే ఉంది. అది తూర్పున 21 కిలోమీటర్ల దూరంలో, (21, 0) దగ్గర ఉంది. నిజమైన లక్ష్యాలు రెండు: ఒకటి (6, 8) దగ్గర, మరొకటి (5, 12) దగ్గర. మొదటి లక్ష్యం మొదటి కేంద్రానికి 10, రెండో కేంద్రానికి 17 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండో లక్ష్యానికి ఆ దూరాలు 13, 20. కాబట్టి మొదటి కేంద్రంలోని రిసీవర్‌కు 20, 26 కిలోమీటర్ల మొత్తాలు కనబడతాయి. రానూపోనూ దూరం కావడంతో వాటిని సగం చేస్తే లక్ష్యాలు 10, 13 కిలోమీటర్ల వృత్తాల మీద ఉన్నాయని తెలుస్తుంది. రెండో కేంద్రానికి 27, 33 కిలోమీటర్ల మొత్తాలు కనబడతాయి. కాలంలో చెబితే ఇవి సుమారు 90.1, 110.1 మైక్రోసెకన్లు.

ఇప్పుడు మీరు ఆ కేంద్రాల్లో కూర్చున్నారనుకోండి. మీ ముందున్నవి నాలుగు అంకెలు మాత్రమే. ఏ అంకె ఏ లక్ష్యానిదో వాటి మీద రాసి ఉండదు. 10ని 27తో, 13ని 33తో జతపరిస్తే సరైన స్థానాలు వస్తాయి. కానీ 10ని 33తో జతపరిస్తే (0.29, 10.0) దగ్గర ఒక బిందువు, 13ని 27తో జతపరిస్తే (9.86, 8.48) దగ్గర మరో బిందువు వస్తాయి. ఇవి లెక్కలో ఏ లోపమూ లేని, గణితపరంగా పూర్తిగా చెల్లుబాటయ్యే బిందువులు. అక్కడ మాత్రం ఏ విమానమూ లేదు. రాడార్ వాళ్లు వీటిని ఘోస్టులు అంటారు. తెలుగులో మాయ లక్ష్యాలు అనవచ్చు. రెండు కేంద్రాలూ తూర్పు పడమర గీత మీదే ఉన్నాయి కాబట్టి, ఈ నాలుగు బిందువులకూ దక్షిణాన అద్దంలో ప్రతిబింబాల్లాగా మరో నాలుగు కూడా ఉంటాయి. రెండు లక్ష్యాలకు ఎనిమిది అభ్యర్థులు తేలారన్న మాట.

మూడో కేంద్రం ఈ చిక్కు విప్పుతుంది. దాని రిసీవర్‌ను (0, 16) దగ్గర పెడదాం. నిజమైన లక్ష్యాల వల్ల దానికి 20.0, 19.4 కిలోమీటర్ల మొత్తాలు వస్తాయి. ఆ మాయ లక్ష్యాలే నిజమైతే దానికి 16.0, 25.4 కనబడాలి, అవి కనబడలేదు. దక్షిణాది ప్రతిబింబాల్లో (6, -8) నిజమైతే 34.7 కనబడాలి, అదీ లేదు. మిగిలినవి కూడా ఇలాగే తేలిపోతాయి. మూడో కేంద్రం ఇక్కడ స్థానాన్ని మరింత సూక్ష్మంగా చెప్పడానికి కాక, ముందున్న రెండు కేంద్రాల కొలతల్లో ఏది దేనికి చెందిందో సాక్ష్యం చెప్పడానికి ఉపయోగపడింది. మీ అధ్యాపకులు చెప్పిన తిరకాసు ఇదే: స్థానం కట్టడం జ్యామితి, అది సులువు, ఏ ప్రతిధ్వని ఏ లక్ష్యానిదో తేల్చడం అసలు పని.

ప్రశ్న: పై తరహా చిక్కును ఈనాటి కంప్యూటర్లు క్షణంలో తేల్చెయ్యలేవా? అన్ని జతలనూ ప్రయత్నించి, అన్నింటికీ పొసిగిన దాన్ని ఉంచుకుంటే సరిపోతుంది కదా?

జవాబు: రెండు లక్ష్యాలకు సరిపోతుంది. లక్ష్యాలు అయిదు, దారులు తొమ్మిది అనుకుందాం, అంటే మూడు ట్రాన్స్‌మిటర్లు, మూడు రిసీవర్లు. ఒక్కో దారిలో అయిదేసి ప్రతిధ్వనులు ఉంటాయి. ఒక్కో దారి నుంచి ఒక్కటి చొప్పున తీసుకుని ఒక లక్ష్యాన్ని కూర్చడానికి 19,53,125 మార్గాలున్నాయి. అయిదు లక్ష్యాలకూ ప్రతిధ్వనులన్నింటినీ ఒకేసారి పంచిపెట్టాలంటే ఉన్న మార్గాలు 120ని ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే సుమారు 430 కోట్ల కోట్లు. ఇది అయిదు లక్ష్యాల మాట. పైగా నిజ జీవితంలో కొన్ని దారుల్లో ప్రతిధ్వని అసలు అందదు, కొన్నింటిలో రొద వల్ల లేనిది ఉన్నట్టు తోస్తుంది, లక్ష్యాలు ఎన్నో కూడా ముందుగా తెలియదు. రెండు జాబితాలను ఒకదానితో ఒకటి జతపరచే సమస్యకు హంగేరియన్ పద్ధతి వంటి వేగవంతమైన పరిష్కారాలున్నాయి కానీ, జాబితాలు రెండు దాటగానే సాధారణ రూపంలో ఆ సమస్య కఠిన సమస్యల తరగతిలోకి చేరుతుంది. అందుకని ఇంజనీర్లు పూర్తి వెతుకులాటను మానుకుని వేరే ఉపాయాలు వెతుక్కున్నారు.

జ్యామితికి పొసగని జతలను మొదట్లోనే తీసిపారెయ్యడం వాటిలో సులువైనది. ఒక లక్ష్యం నుంచి రెండు కేంద్రాలకున్న దూరాల తేడా, ఆ కేంద్రాల మధ్య దూరాన్ని మించకూడదు. మించితే ఆ జత త్రిభుజాన్నే ఏర్పరచదు. ఈ ఒక్క నియమం చాలా చెత్తను ఊడ్చేస్తుంది. ప్రతిధ్వనుల డాప్లర్ మార్పును, అంటే లక్ష్యం కదలిక వల్ల సిగ్నల్ పౌనఃపున్యంలో వచ్చే తేడాను కూడా వాడుకోవచ్చు. ఒక బిందువు దగ్గర లక్ష్యం ఉందని అనుకుంటే, రెండు దారుల డాప్లర్ విలువల నుంచి దాని వేగం, దిశ వస్తాయి. మూడో దారి డాప్లర్ ఆ వేగంతో పొసగాలి. మాయ లక్ష్యానికి స్థానం పొసిగినా వేగం పొసగడం అరుదు. కొన్ని సెకన్ల పాటు వరసగా గమనించినా ఇదే జరుగుతుంది: నిజమైన లక్ష్యం నునుపైన దారిలో కదులుతుంది, మాయ లక్ష్యం దారి చాలాసార్లు ఏ విమానానికీ సాధ్యంకాని విధంగా వంకర్లు పోతుంది.

వ్యక్తిగతంగా నాకు ఎక్కువ నచ్చే మార్గం వేరే ఉంది. ప్రతి రిసీవర్ ముందుగానే ఇది ప్రతిధ్వని, ఇది కాదు అని తీర్పు చెప్పేసి అంకెల జాబితా పంపడంలోనే అసలు నష్టం జరుగుతోంది. అలా కాకుండా, రిసీవర్లు తమకు అందిన సిగ్నల్‌ను తీర్పు చెప్పకుండానే కేంద్రీయ కంప్యూటర్‌కు పంపుతాయి. కంప్యూటర్ ఆకాశాన్ని చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడినీ తీసుకుని, లక్ష్యం ఇక్కడే ఉంటే ప్రతి దారిలో ప్రతిధ్వని ఏ క్షణంలో రావాలో లెక్కగట్టి, ఆ క్షణాల్లో నిజంగా ఎంత శక్తి ఉందో చూసి, అన్నింటినీ కూడుతుంది. నిజమైన స్థానం దగ్గర అన్ని దారుల శక్తీ పోగుపడుతుంది. మాయ స్థానం దగ్గర రెండు మూడు దారులది మాత్రమే కలుస్తుంది. జతపరచడం అన్న మాటే ఇక్కడ రాదు. ఏ ఒక్క దారిలోనూ విడిగా గుర్తుపట్టలేనంత బలహీనమైన లక్ష్యం కూడా ఇలా కూడినప్పుడు పైకి తేలవచ్చు. ఇందుకు చెల్లించాల్సిన మూల్యం కేంద్రాల మధ్య పంపాల్సిన భారీ సమాచారం, గడి గడికీ చెయ్యాల్సిన లెక్క.

ఈ పద్ధతిలోనూ బలమైన లక్ష్యం తన పక్కనున్న బలహీన లక్ష్యాన్ని కప్పేసే ప్రమాదం ఉంది. అందుకని అన్నింటికన్నా బలమైనదాన్ని ముందుగా గుర్తించి, అది కలిగించిన ప్రతిధ్వనులను అన్ని దారుల నుంచీ తీసివేసి, మిగిలిన సిగ్నల్‌లో మళ్లీ వెతుకుతారు. ఇది రేడియో ఖగోళశాస్త్రంలో హెగ్‌బోమ్ 1974లో ప్రకటించిన క్లీన్ పద్ధతికి దగ్గరి బంధువు. తీసివేత కొద్దిగా తప్పినా దాని అవశేషం కొత్త లక్ష్యంలా కనబడుతుంది కాబట్టి, ప్రతి అడుగులోనూ ఇంతకుముందు తేల్చిన స్థానాలను మళ్లీ సరిదిద్దుకుంటూ పోవాలి. ఎక్కడ ఆపాలన్నది రొద స్థాయిని బట్టి నిర్ణయించాలి: మిగిలిన శిఖరం (శక్తి అన్నింటికన్నా ఎక్కువగా పోగుపడిన చోటు) రొద వల్లనే రాగలిగినంత చిన్నదైతే ఆగిపోవాలి.

ప్రశ్న: కార్లలో వాడే రాడార్లను కూడా మైమో అంటున్నారు. ఇదీ అదీ ఒకటేనా?

జవాబు: కాదు. కారు బంపర్ వెనక ఉండే 76-81 గిగాహెర్ట్జ్ రాడార్లలో యాంటెన్నాలన్నీ అరచేతిలో పట్టేంత పలక మీద ఉంటాయి. మూడు ట్రాన్స్‌మిటర్లు, నాలుగు రిసీవర్లు కలిసి పన్నెండు యాంటెన్నాల వరసలా ప్రవర్తిస్తాయి, దాంతో దిశను సూక్ష్మంగా కొలుస్తాయి. అన్ని యాంటెన్నాలకూ లక్ష్యం ఒకేలా కనబడుతుందన్న ఊహ మీద అది నిలబడింది. దూరంగా పరచిన వ్యవస్థ ఒక్కో యాంటెన్నాకు లక్ష్యం వేరుగా కనబడుతుందన్న దాని మీద నిలబడింది.

ప్రశ్న: రెండు లక్ష్యాల ప్రతిధ్వనులు ఒకే క్షణంలో రిసీవర్‌ను చేరితే ఏమవుతుంది?

జవాబు: ఆ దారికి అవి ఒక్కటే. ట్రాన్స్‌మిటర్ (0, 0) దగ్గర, రిసీవర్ (14, 0) దగ్గర ఉన్నాయనుకోండి. ఒక లక్ష్యం (5, 12) దగ్గర, మరొకటి (9, 12) దగ్గర ఉన్నాయి. మొదటిది ట్రాన్స్‌మిటర్‌కు 13, రిసీవర్‌కు 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే, రెండోది 15, 13 కిలోమీటర్ల దూరంలో ఉంది. మొత్తం రెండింటికీ 28. వాటి మధ్య నాలుగు కిలోమీటర్ల ఎడం ఉన్నా ఈ దారి వాటిని ఎన్నటికీ విడదీయలేదు. బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ ఆక్రమించే పౌనఃపున్యాల వెడల్పు) ఎంత పెంచినా ప్రయోజనం లేదు. ట్రాన్స్‌మిటర్ దగ్గరే మరో రిసీవర్ ఉంటే దానికి 26, 30 కిలోమీటర్ల మొత్తాలుగా విడివిడిగా కనబడతాయి.

మొత్తాలు సరిగ్గా సమానం కాకపోయినా దగ్గరగా ఉంటే ఇదే సమస్య. సిగ్నల్ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్ అయితే మొత్తం దూరంలో సుమారు 300 మీటర్ల కన్నా తక్కువ తేడా ఉన్నవి కలిసిపోతాయి. 10 మెగాహెర్ట్జ్ అయితే 30 మీటర్లు. పాఠకులు గమనించవలసింది, ప్రతి లక్ష్యం నుంచి ప్రతి దారికీ ఒక ప్రతిధ్వని వచ్చి తీరుతుందని నమ్మి రాసిన ప్రోగ్రామ్ ఇలాంటి చోట బోర్లాపడుతుంది. ఒక ప్రతిధ్వనిని ఇద్దరు పంచుకోవచ్చని, కొన్ని దారుల్లో అసలు లేకపోవచ్చని ముందే ఒప్పుకునే పద్ధతినే వాడాలి.

ప్రశ్న: కేంద్రాలు దూరదూరంగా ఉంటే వాటి గడియారాలను ఎలా కలుపుతారు? ఎంత ఖచ్చితత్వం కావాలి?

జవాబు: ఒక నానోసెకను తప్పు మొత్తం దూరంలో 30 సెంటీమీటర్ల తప్పు. వంద కోట్లలో ఒక వంతు వేగం తేడా ఉన్న గడియారం ఒక్క సెకనులోనే ఒక నానోసెకను జారిపోతుంది. అందువల్ల కేంద్రాల గడియారాలను ఉపగ్రహ సంకేతాలతో నిరంతరం సరిదిద్దుతారు. వీటితో పదుల నానోసెకన్ల లోపు, అంటే కొన్ని మీటర్ల లోపు తప్పుతో పని జరుగుతుంది. ఫైబర్ తీగ వేయగలిగితే ఇంకా మెరుగవుతుంది.

ఇంకో చక్కటి ఉపాయం ఉంది. ట్రాన్స్‌మిటర్ నుంచి రిసీవర్‌కు ఏ లక్ష్యాన్నీ తాకకుండా నేరుగా వచ్చే సిగ్నల్ కూడా ఉంటుంది. కేంద్రాల మధ్య దూరం మనకు తెలుసు. 21 కిలోమీటర్ల దూరానికి అది సుమారు 70.05 మైక్రోసెకన్లకు రావాలి. రిసీవర్ గడియారం దాన్ని 70.25 దగ్గర చూపిస్తే, ఆ గడియారం 0.2 మైక్రోసెకన్లు ముందుందని తెలిసిపోతుంది, ప్రతిధ్వనులన్నింటినీ అంత వెనక్కి జరపవచ్చు. దీన్ని పట్టించుకోకపోతే జరిగే హాని స్థానం కొద్దిగా తప్పడంతో ఆగదు. గడియారం తప్పిన రిసీవర్ కొలతలన్నీ ఒకేలా జరిగిపోవడంతో, నిజమైన జతలు పొసగకుండా పోయి, మాయ జతలు పొసిగినట్టు కనబడతాయి.

ప్రతిధ్వనుల కాలంతో పాటు వాటి ఫేజ్‌ను (తరంగం తన ఆవర్తనంలో ఏ దశలో ఉందన్నదాన్ని) కూడా కలిపి వాడాలనుకుంటే నియమం మరీ కఠినమవుతుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక పూర్తి ఆవర్తనమే 100 పికోసెకన్లు. పది డిగ్రీల ఫేజ్ అంటే 3 పికోసెకన్లు కూడా కాదు. అది సాధ్యమైతే స్థాన నిర్ణయంలో సూక్ష్మత ఎన్నో రెట్లు పెరుగుతుంది కానీ, అసలు శిఖరం చుట్టూ దాదాపు అంతే ఎత్తున్న పక్క శిఖరాలు లేస్తాయి. లక్ష్యాలు అనేకం ఉన్నప్పుడు ఒకదాని పక్క శిఖరం మరోదాని అసలు శిఖరంతో కలిసి కొత్త మాయలు పుట్టిస్తుంది. అందుకని దూరంగా పరచిన వ్యవస్థల్లో మొదట కాలంతో, శక్తితో స్థూలంగా తేల్చుకుని, అవసరమైన చోట మాత్రమే ఫేజ్‌ను ఆశ్రయించడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా ప్రాజెక్టులో ఒక ట్రాన్స్‌మిటర్, మూడు రిసీవర్లు ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలన్న దానికి ఏదైనా సూత్రం ఉందా? రిసీవర్లను పర్యవేక్షించడం సులువని రెండింటిని దగ్గర దగ్గరగా పెట్టాలనుకుంటున్నాం.

జవాబు: దయచేసి అలా పెట్టకండి. కారణాన్ని పైన చేసిన లెక్కతోనే చూపుతాం. అక్కడ మూడో రిసీవర్‌ను (0, 16) దగ్గర పెట్టాం. మాయ లక్ష్యాలు కోరిన మొత్తాలు దాని నిజమైన కొలతలకు 3.4, 5.4 కిలోమీటర్ల దూరంలో ఉండటంతో అవి వెంటనే పట్టుబడ్డాయి. ఇప్పుడు అదే రిసీవర్‌ను రెండో రిసీవర్‌కు ఒక్క కిలోమీటరు దూరంలో, (21, 1) దగ్గర పెట్టి చూద్దాం. నిజమైన లక్ష్యాల మొత్తాలు 26.553, 32.416 కిలోమీటర్లు. మాయ లక్ష్యాలు కోరే మొత్తాలు 26.418, 32.583. తేడాలు 135, 167 మీటర్లు. బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్ అయితే 300 మీటర్ల లోపు తేడాలు కలిసిపోతాయని పైన చెప్పుకున్నాం కాబట్టి, ఈ తేడాలు కొలతలో స్పష్టంగా నిలబడవు. ప్రతిధ్వని చాలా బలంగా ఉంటే కాలాన్ని ఆ హద్దుకన్నా సూక్ష్మంగా అంచనా కట్టవచ్చు, సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి తప్పు తగ్గుతుంది. కానీ బలహీనమైన ప్రతిధ్వని వచ్చిన రోజున మూడు రిసీవర్లూ కలిసి ఆ మాయ లక్ష్యాలకు ఏకగ్రీవంగా ఓటేస్తాయి. రిసీవర్ల సంఖ్య అదే, ఖర్చు అదే. చోటు మారడం వల్ల సాక్షి సాక్ష్యం చెప్పలేకపోయాడు.

రిసీవర్లు మీరు గమనించదలచిన ప్రాంతాన్ని వీలైనంత భిన్నమైన దిక్కుల నుంచి చూడాలి. దీర్ఘవృత్తాలు ఒకదాన్నొకటి నిలువుగా, లంబకోణానికి దగ్గరగా ఖండించుకుంటే చిన్న కాలదోషం చిన్న స్థానదోషంగానే మిగులుతుంది. ఒరుసుకుంటూ ఖండించుకుంటే అదే కాలదోషం గీత వెంబడి సాగి పెద్దదవుతుంది. అన్ని కేంద్రాలనూ ఒకే సరళరేఖ మీద పెట్టినా దక్షిణాది ప్రతిబింబాల సమస్య తిరిగివస్తుంది కనుక, ఒక్కటైనా ఆ గీతకు ఎడంగా ఉండాలి.

ట్రాన్స్‌మిటర్‌ను, రిసీవర్‌ను కలిపే సరళరేఖకు దగ్గరలో లక్ష్యాలు తిరిగే ప్రాంతం పడకుండా కూడా చూసుకోండి. 21 కిలోమీటర్ల ఆ గీత మధ్యలో ఒక లక్ష్యం గీతకు 100 మీటర్లు పక్కగా ఉందనుకుంటే, దాని మొత్తం దూరం 21 కిలోమీటర్లను మించేది ఒక మీటరు లోపే, కాలంలో 3 నానోసెకన్లు. నేరుగా వచ్చే బలమైన సిగ్నల్ కిందే ఆ ప్రతిధ్వని మునిగిపోతుంది. ఆ గీత మీద ఉన్న వస్తువు ఉనికి తెలియవచ్చు గానీ స్థానం తెలియదు.

మీ దగ్గర ప్రాంతం పటం ఉంటే, లక్ష్యాలు తిరిగే చోట రెండేసి బిందువులను యాదృచ్ఛికంగా ఎంచుకుని, పైన చూపినట్టు మొదటి రెండు రిసీవర్లతో మాయ లక్ష్యాలను లెక్కగట్టి, మూడో రిసీవర్‌ను పెట్టగలిగే ప్రతి చోటుకూ నిజమైన మొత్తాలకూ మాయ మొత్తాలకూ మధ్య ఉన్న కనీస తేడాను చూడండి. అలాంటి జతలు కొన్ని వేలు తీసుకుంటే, ఏ చోటు ఎక్కువసార్లు ఆ తేడాను 300 మీటర్ల కన్నా పైన ఉంచుతుందో తెలుస్తుంది. మూడో రిసీవర్‌ను అక్కడ పెట్టండి, అక్కడికి వెళ్లి చూసుకోవడం కాస్త శ్రమ అయినా సరే.